కడప దారిలో ఇంజను కొట్టుకున్న పొద్దు

నా కొడుకు గొంతులో చెనిక్కాయ గింజ ఇరుక్కున్న పొద్దే మా బస్సు ఇంజను కూడా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలు దొరక్క బస్సు వెనక పెద్ద పీపా కట్టి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో నడిపేవాళ్లు. ఇప్పుడు లేడు గానీ, మా ఆయన అప్పట్లో వేంపల్లె నుంచి కడపకు అలాంటి బొగ్గుబస్సు తోలేవాడు. ఇంజను పక్కనే కూచుని కూచుని ఆయన చెవులు సగం చెడిపోయాయి. నాది నేతగాళ్ల పుట్టిల్లు. మా నాయన గుంటమగ్గంలో కూచుని నేస్తుంటే, వంటింట్లో నుంచే మగ్గంలో ఏ మేకు వదులయిందో చప్పుడును బట్టి చెప్పేదాన్ని. రాయడం రాదు గానీ వినడం వచ్చు నాకు.

పిల్లవాడు ఇంకా మాటలు కూడా సరిగా రాని పసివాడు. కళ్లంలో పోసిన వేరుశెనగల్లోంచి పచ్చి గింజ నోట్లో వేసుకున్నాడు, నవ్వాడు, అంతే. వీపు చరిచాం, తలకిందులు చేశాం. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. వేంపల్లె వైద్యుడు చూసి, గింజ నానితే ఉబ్బి దారి మూసుకుపోతుంది, పొద్దుండగానే కడప ఆసుపత్రికి చేర్చమన్నాడు. ఎత్తుకుని మా ఆయన బస్సే ఎక్కాను.

సగం దారిలో మిట్ట ఎక్కుతుంటే ఠక్, ఠక్ అంది. మిట్ట దాటేసరికి అది ఆగకుండా కొడుతోంది. మా ఆయన ఇంజను తిరుగుతుండగానే బస్సు నిలిపి కిందికి దిగాడు.

"ఏమప్పా, మళ్లా తొయ్యల్నా? నడిచి పోయింటే ఈ పాటికి సంతలో ఉందును," అన్నాడు ఒక ముసలి రైతు. ఆముదం డబ్బాలు సంతకు తీసుకుపోతున్నాడు ఆయన.

"నోరు మూసుకో పెద్దాయనా, బిడ్డను చూడు," అంది నా పక్కన కూచున్న సాయిబుల అవ్వ.

మా ఆయన నన్ను పిలిచాడు. "ఎట్లా కొడ్తాంది?"

"కింద. లోతుగా. చెక్క సుత్తితో బండను కొట్టినట్టుండాది."

బొగ్గులు కెలికే ఇనుపకడ్డీ తెచ్చి నా చేతికిచ్చాడు. "ఒక కొన ఇంజనుకు, ఒక కొన చెవి యనక ఎముక్కి ఆనించు. నేనొక్కొక్క ప్లగ్గు తీగె పెరుకుతా. యాడ చప్పుడు మెత్తబడితే ఆడ చెయ్యెత్తు. ఆ పిస్టనుదే రోగం."

"వీని ఊపిరి ఎవురు ఇంటారు?"

అవ్వ చేతులు చాపింది. "ఇట్లియ్యమ్మా. వీణ్ణి నేనింటా. నువ్వు దాన్ని ఇను."

ఇచ్చాను. కడ్డీ ఆనించుకున్నాను. మొదటి తీగె తీశాడు, రెండోది తీశాడు, ఏమీ తెలియలేదు. నా చెవి కడ్డీ మీద లేదు, అవ్వ ఒడిలో ఉంది. నాలుగూ అయిపోయాయి. ఆయన నా ముఖం చూసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను కళ్లు మూసుకుని బిడ్డ లేడనుకున్నాను. మూడో తీగె పెరికినప్పుడు సుత్తి మీద గుడ్డ కప్పినట్టయింది చప్పుడు. చెయ్యెత్తాను.

"నిజమేనా? తప్పయితే మళ్లా యిప్పేంత పొద్దు లేదు."

"మూడోదే."

అప్పుడే కడప వైపు పోతూ ఒక ఎద్దులబండి పక్కన ఆగింది. "బిడ్డకు బాగలేదంటనే, ఎక్కమ్మా. దీపాలు పెట్టే యాళకు కడపలో దించుతా," అన్నాడు బండాయన. అది తప్పకుండా పోతుంది. కానీ గింజ అంతసేపు ఆగుతుందా? మా ఆయన్ని అడిగాను, బస్సు పోతుందా అని.

"నీ చెవి నిజమైతే పోతాది," అన్నాడు.

ఎక్కనన్నాను. "పొగను నమ్మి ఎద్దుల్ని కాదంటాండావే!" అని బండాయన గదమాయించి పోయాడు.

మా ఆయన ఇంజను ఆపి, గోనెపట్ట పరుచుకుని బస్సు కింద దూరి అడుగున నూనె తొట్టి విప్పాడు. నూనె కారలేదు, ముద్దలు ముద్దలుగా బెల్లంపాకంలా జారింది. వాసన చూసి బూతు తిట్టాడు. ఇంజను నూనె కరువని బస్సు యజమాని తన గానుగలో ఆడించిన చెనిక్కాయ నూనె పోయించాడట. అది కాగి కాగి జిగురై, నూనె పారే సన్నదారిని మూసేసింది. నూనె అందక మూడో పిస్టను కడ్డీ ఎండిపోయి, దాని కింది కొనలో ఇరుసును పట్టుకునే గిన్నెలోని మెత్తని లోహం పూతంతా అరిగిపోయింది.

"ఇంజను గొంతులో గూడా చెనిక్కాయేనా!" అన్నాడు ముసలాయన. ఎవరూ నవ్వలేదు. ఆయనే తలదించుకుని, ఇంజనులో పోసుకొమ్మని ఆముదం డబ్బాలు దించి పెట్టాడు.

గిన్నెలో వేయడానికి పూత ఎక్కడిది? పక్క చేలో బావి దగ్గర కపిల తోలుతున్నారు. ఎద్దులు లాగే ఆ నీళ్ల తోలుసంచి పాతది ఒకటి చినిగి గట్టున పడి ఉంది. మా ఆయన అందులో ఒక పట్టీ కోసి, ఆముదంలో నానబెట్టి, గిన్నెలో చుట్టి బిగించాడు.

"ఇంత నీళ్లు మోసిన తోలు, నీ ఇంజనును మొయ్యదా," అన్నాడు బావి దగ్గరి రైతు.

మూసుకుపోయిన దారిని తీగెతో పొడిచి, తొట్టి బిగించి, ఆముదం పోశాడు. మూడో ప్లగ్గు తీగె మాత్రం తగిలించలేదు. అది బరువు మోయకుండా ఊరికే తిరగాలట. ఇంజను దగ్గు దగ్గి లేచింది. ఠక్ మనలేదు.

"కొడితే చెప్పు," అన్నాడు నన్ను పక్కన కూచోబెట్టుకుని. ఒక చెవి కడ్డీకి, ఒక చెవి బిడ్డ రొమ్ముకు. కడ్డీలో మెత్తని గరగర. రొమ్ములో ఈల సన్నబడుతోంది, పెదవులు నల్లబడుతున్నాయి. బస్సు ఎప్పుడూ పోయే వేగంలో సగం కూడా లేదు, ఎద్దులబండి కంటే నయం, అంతే. "తొందరగా," అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయన వేగం పెంచుతాడు, తోలు చినుగుతుంది. అనలేదు. సంత దాటినా ముసలాయన దిగలేదు.

ఆసుపత్రి గుమ్మం ముందు ఆపాడు. డాక్టరమ్మ పొడుగాటి పటకారు లోపలికి పెట్టింది. నేను గోడ వైపు తిరిగాను. ఏదో పళ్లెంలో టప్పుమని పడింది. తర్వాత ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత గుక్కపెట్టి ఏడ్చాడు నా కొడుకు.

బయటికి పరిగెత్తాను. ఆపితే మళ్లీ లేవదేమోనని ఆయన ఇంజను ఆపకుండా దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏడుస్తాండాడు మామా!"

"ఆఁ?"

"ఏడుస్తాండాడు! నీకు ఇనపళ్లా?"

ఆయన లోపలికి వంగి ఇంజను ఆపేశాడు. అప్పుడు విన్నాడు.