నేను మాన్పించిన మందు

మొన్న మా అమ్మాయికి ఉబ్బసం సూది వేయించడానికి, మేము వలస వచ్చి స్థిరపడ్డ గోడాదరాలోని ఆసుపత్రికి తోడు వెళ్ళి, ఇన్నేళ్ళూ నాకు తెలియని మాట ఒకటి విన్నాను. డాక్టరమ్మ మన వరంగల్ వైపు పిల్ల, ఓపిగ్గా విడమరచి చెప్పింది. ఒంట్లో కాపలా కాసే కణాలు సైటోకైన్లనే చిన్న పదార్థాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట, ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఆ కబుర్లు అవసరానికి మించి వెళ్ళి ఊపిరి గొట్టాలు వాస్తాయట. ఈ సూది అలాంటి ఒక కబురును దారిలోనే ఆపుతుంది, రోజూ పీల్చే మందు ఆ వాపును అణచి ఉంచుతుంది.

"ఆయాసం లేనప్పుడు గూడ లోపల వాపు ఉంటదా అమ్మా?" అని రెండుసార్లు అడిగాను.

"ఉంటది కాకా, అందుకే మంచిగున్నా మందు ఆపొద్దంటం," అంది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మనం ఊళ్ళొదిలి వచ్చి మరమగ్గాల మీద, అదే సాంచల మీద పడ్డ రోజుల్లో దగ్గంటే నూగే, అంటే షెడ్డులో గాలిలో ఎగిరే నూలు దుమ్మే, దానికి మందంటే బెల్లమే. పొద్దున్నే షెడ్డుకు పోయే ముందు బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పీల్చిన నూగంతా కడుపులోకి జారిపోతుందని ఎవరు చెప్పారో గాని, తిండి పోయే దారి వేరు, ఊపిరి పోయే దారి వేరన్న సంగతి మనలో ఒక్కరికీ తట్టలేదు. కండెలు చుట్టే నా భార్యకు ఆయాసం పట్టుకుంటే, పెద్ద వైద్యుడిలా ఒక ముక్క చాలదని రెండు ముక్కలు పెట్టాను.

అది పనిచేయక ఆసుపత్రికి పోతే, రెండు పూటలా పీల్చమని మందు పంపు ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆమె ఆయాసం లేకుండా నీళ్ళ బిందెతో మెట్లెక్కింది. ఇక నాకు సాంచల బుద్ధి పుట్టింది. పోగు తెగితేనే కదా మనం సాంచ ఆపేది, తెగని పోగును ఎవరూ ముట్టుకోరు. మనిషి బాగున్నప్పుడు మందెందుకు, అలవాటైపోతుందని దాన్ని పెట్టెలో పెట్టేసి, ఆయాసం వస్తేనే తీసేవాణ్ణి. రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం తీసి పీల్పించినా తగ్గలేదు, ఆసుపత్రి చేరేలోపే ఆమె పోయింది. నూగే చంపిందని ఇన్నాళ్ళూ పదిమందికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు నా కూతురు ఏ ఆయాసమూ లేకుండానే నవ్వుతూ వచ్చి, తేదీ తప్పకుండా సూది వేయించుకుని ఆఫీసుకు పోతుంది. కాలం మంచికే మారింది, సంతోషమే. కానీ చదువురాని నా భార్యకు ఎలా తెలిసిందో, నేను పెట్టె మూసిన రోజున ఒక్కసారి అడిగింది, "ఇంకొన్ని దినాలు పీల్చుకుంటనయ్యా" అని. నేనే వద్దన్నాను.