రిపోర్టు వచ్చేలోగా యారాడ

శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో పొద్దున్నే విశాఖ వచ్చి, స్కాన్ చేయించుకుని, "సాయంత్రం ఐదుకి రండి, డాక్టరుగారు చూస్తారు" అనే మాట విన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మధ్యలో ఎనిమిది గంటలుంటాయి. మూడేళ్ల కిందట, జనవరిలో, నా భార్య సుగుణకీ నాకూ అలాంటి రోజొకటి వచ్చింది. రెండేళ్లుగా ఆమెకు నడుములో, పక్కటెముకల్లో నొప్పి. నలుగురు డాక్టర్లు చూశారు. ఎవరూ పేరు చెప్పలేదు. ఐదో ఆయన కొత్తగా స్కాన్ రాశారు. ఎనిమిదిన్నరకల్లా అది అయిపోయింది. ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవడం తన వల్ల కాదంది సుగుణ. "కంచరపాలెంలో ఇరవయ్యారేళ్లున్నాం. యారాడ బీచి సూపించలేదు మీరు" అంది. నిజమే, విశాఖలోనే ఉంటూ ఒక్కసారీ తీసుకెళ్లలేదు.

మా వీధిలో ఆటో నడిపే శ్రీనుకి ఫోన్ చేశాను. సుగుణని అక్కా అంటాడు కాబట్టి నేను బావనయ్యాను. సిటీ బస్సులు కూడా ఉన్నాయి గానీ తక్కువ. కుదుపులకి ఓర్చలేని మనిషి తోడుంటే ఆటోయే మేలు. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి, పోయిన నెల నేను వెళ్లినప్పుడు తొమ్మిది వందలు తీసుకున్నారు. సింధియా జంక్షన్ దాటాక రోడ్డు కొండెక్కుతుంది. కంచరపాలెం నుంచి ముప్పావు గంట ప్రయాణం.

"అక్కా, ఇన్నాల్టికి బావకి ఖాళీ దొరికిందేటి?" అన్నాడు శ్రీను అద్దంలో చూస్తూ.

"ఆయనకి దొరకలేదురా. నాను దొరకబుచ్చుకున్నాను."

నేను పోర్టులో లారీల తూకం దగ్గర పనిచేసేవాణ్ణి. అంకె చూసి రాసుకోవడం, రాసింది నమ్మడం నా పని. మొదటి డాక్టరు "నొప్పి పదికి ఎంతుందో రోజూ రాసి పెట్టండి" అన్నప్పటి నుంచి పొద్దునా రాత్రీ సుగుణని అడిగి చిన్న పుస్తకంలో రాసేవాణ్ణి. మూడు. రెండు. మూడు. ప్రతి డాక్టరూ ఆ పుస్తకం తిరగేసి మామూలు నొప్పి మాత్రలు రాసేవారు. ఆ రోజు కూడా అది నా చొక్కా జేబులో ఉంది. ఐదింటికి దాన్ని చూపించాలి.

పదింటికి కొండ దిగి తీరానికి చేరాం. అక్కడ స్నానానికి దిగకండి, లాగేస్తుంది. కొబ్బరిచెట్ల దాకా ఆటో వెళుతుంది, ఆపైన ఇసుకలో నడవాలి. ఆ వేళకి ఊరివాళ్లు పెద్దవల లాగుతున్నారు. రెండు తాళ్లు, ఒక్కో తాడుకి పదీ పన్నెండు మంది, ఆడా మగా. సుగుణ నిలబడి చూస్తోంది. తాడు చివర ఉన్న ఒకావిడ, తర్వాత తెలిసింది పేరు నూకరత్నమని, తల తిప్పి పిలిచింది.

"ఏటమ్మా అలాగ నిలుసుండిపోనావు? రా, సెయ్యెయ్యి. తాడు మీద సెయ్యేసినోలికి వాటా ఉంటాది."

అది అక్కడి పద్ధతి. నేను వద్దనేలోపే సుగుణ వెళ్లి తాడు పట్టుకుంది. రెండడుగులు వెనక్కి లాగింది. వదిలేసి, ఒడ్డున పెట్టిన పడవకి ఆనుకుని కూలబడింది. నూకరత్నం తాడు వేరేవాళ్లకిచ్చి ఆమె దగ్గరకొచ్చింది. నేను టీ తేవడానికి కొట్టు దగ్గరకి పరిగెత్తాను.

రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి పడవకి అటుపక్క మాటలు వినబడుతున్నాయి.

"నొప్పి ఎంతుంటాదమ్మా?"

"ఆయనడిగితే మూడంటాను. డాక్టరడిగినా అంతే, ఆయన పక్కనే ఉంటారు గదా. నిజానికి తొమ్మిది. పదికి తొమ్మిది."

"మరి మూడని ఎందుకంతావు?"

"ఒకసారి ఆరన్నాను. తెల్లార్లూ మంచం పక్కన కూసుండిపోనారు. పొద్దున్నే అలాగే డూటీకెల్లిపోనారు. అప్పట్నించీ మూడు దాటనివ్వలేదు."

నూకరత్నం అంది, "మా ముసలోడూ అంతే. సెయ్యి తెగినా ఏటీ నేదంతాడు. అన్నం పెట్టి ఏ సేత్తో తింతన్నాడో సూత్తాను. మీ ఆయనకి సూడ్డం రాదేటి?"

"రాయడం వచ్చు" అంది సుగుణ. ఇద్దరూ నవ్వారు.

నేను పడవ ఇవతలే నిలబడ్డాను. చర్చిలో ఆమె ఏడాదిగా చివరి బెంచీలో ఎందుకు కూర్చుంటోందో, కుక్కరు మూత నాచేత ఎందుకు తీయిస్తోందో, అన్నీ ఒకటొకటిగా తెలిశాయి. చాలాసేపటికి దగ్గి, అటు వెళ్లి, గ్లాసు అందించాను.

పదకొండున్నరకి వల ఒడ్డుకొచ్చింది. ఎక్కువ పడలేదు, కవళ్లనే చిన్న చేపలు, కొన్ని రొయ్యలు. నూకరత్నం సుగుణ కోసం ఒక కుప్ప పక్కకి తీస్తుంటే ఒకతను అడిగాడు.

"రెండడుగులు లాగినావిడికి కూడా వాటా ఏటే?"

"సెయ్యేసిందా, నేదా?"

"ఏసింది."

"మరింకేటి?"

చేపలు సంచిలో కట్టిచ్చింది. డబ్బు తీయబోతే నా వైపు చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మధ్యాహ్నం తీరం దగ్గరి పాకలో భోజనం చేశాం. ముందే చెబితే వండి పెడతారు. అప్పట్లో చేప పులుసుతో భోజనం నూటపాతిక.

మూడింటికి తిరుగు ప్రయాణం. కొండ మీద శ్రీను ఆటో ఆపాడు. కింద పోర్టు, లోపలికి వస్తున్న ఓడ ఒకటి. సుగుణ దిగి ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. బరువంతా ఎడమ కాలి మీద వేసింది. నేను పుస్తకం, పెన్ను తీసి ఆమెకిచ్చాను.

"ఈ రోజుది నువ్వు రాయి."

నా మొహం చూసింది. "టీ అందుకే సల్లారిపోయిందా" అంది. తర్వాత పుస్తకాన్ని ఆటో సీటు మీద పెట్టి, వంగి, తొమ్మిది అని రాసింది. వెనక పేజీలు తిప్పి కొన్ని మూళ్లు కొట్టేసింది. మిగతావి నేనే కొట్టేశాను. శ్రీను బీడీ వెలిగించుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

ఐదుంబావుకి లోపలికి పిలిచారు. స్కాన్‌లో కారణం తేలలేదన్నారు డాక్టరు. పుస్తకం తీసుకుని చివరి పేజీ చూశారు, తల ఎత్తారు. "ఇదేంటమ్మా?" అన్నారు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఇరవై నిమిషాల తర్వాత పిలిచారు. బల్ల మీద కొత్త పరీక్షల కాగితం, కొత్త మందుల చీటీ ఉన్నాయి. ఆ రాత్రి సుగుణ ఆరు గంటలు నిద్రపోయింది. చేపలు శ్రీను భార్య వండి పంపింది, మర్నాడు తిన్నాం.

మూడు వారాలకు ఎముక మజ్జలో క్యాన్సర్ అని తేలింది. ముందే తెలిస్తే ఏమయ్యేదో నేను అడగలేదు, డాక్టరు చెప్పలేదు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. ఆ నెలల్లో నొప్పికి తగ్గ మందు ఉంది, ఎందుకంటే అంకె నిజం. పోయిన నెల ఒక్కణ్ణే యారాడ వెళ్లి తాడు మీద చెయ్యి వేశాను. నూకరత్నం నన్ను గుర్తుపట్టింది. "ఆవిడేది బాబూ?" అంది. చెప్పాను. అన్నం పెట్టింది. నేను తినేదాకా పక్కనే కూర్చుని, నా చెయ్యి చూసింది.

వెళ్లేవాళ్లకి ఒక్క సూచన. సాయంత్రం ఐదింటికి వెనక్కి చేరాలంటే యారాడలో మూడింటికల్లా బయల్దేరండి. డాక్టరు గదిలో నొప్పి ఎంతుందని అడిగినప్పుడు మాత్రం, తోడు వెళ్లినవాళ్లు లేచి కాసేపు బయట నిలబడండి.