నాలుగు స్వెటర్ల కింద మనిషి

ఈ సంగతి రాసిపెట్టకపోతే, లైబ్రరీ కార్డు చేతికి రాగానే వైద్యుడైపోయే నాలాంటివాడు మరొకడు బయల్దేరతాడు. ఇందులో ఒక మనిషి ఊపిరి దాదాపు ఆగిపోయింది. ఆపబోయింది నేనే.

నవంబరులో అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు మారాను. కింది అపార్ట్‌మెంట్‌లో మూర్తి అంకుల్, కామేశ్వరి ఆంటీ. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రంగులు వేసిన అంకుల్‌కి మిగిలింది సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు మెల్లగా మూసుకుపోయే జబ్బు. నాలుగు అడుగులేస్తే చలికి మొరాయించిన స్కూటర్‌లా దగ్గేవారు.

అప్పుడే లైబ్రరీలో ఓ లావు పుస్తకం దొరికింది. కొవ్వు ఊరికే పడి ఉండదట, హార్మోన్లు తయారుచేస్తుందట. వాటిలో లెప్టిన్ అనేది ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో వాపు పెరుగుతుందట. అధ్యాయం సగంలో ఉండగానే గుమ్మడికాయలా గుండ్రంగా మూర్తి అంకుల్ కళ్లముందు మెదిలారు. రోగి దొరికాక మిగతా సగం ఎందుకు?

"అంకుల్, మీ దగ్గుకి మూలం మీ ఫ్యాట్. తగ్గించేద్దాం."

"డాక్టర్ ఆ మాట అనలేదే బాబూ."

"వాళ్లకి టైమెక్కడిది అంకుల్? నేను మొత్తం స్టడీ చేశాను."

మొత్తం. పాఠకులు క్షమించాలి.

నెయ్యి, పెరుగు, పప్పు బంద్. పూటకో గ్లాసు రాగి జావ. చదువుకున్నవాడి మాట కదా అని ఆయన నోరెత్తకుండా తాగారు. ఆరో వారం మెయిల్‌బాక్స్ దాకా వెళ్లి మంచులో కూలబడ్డారు.

ఎమర్జెన్సీలో నర్సు జాకెట్ విప్పింది. స్వెటర్ విప్పింది. దాని కింద ఇంకోటి, ఇంకోటి, ఇంకోటి. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిస్తే, చివరికి పక్కటెముకలు లెక్కపెట్టగలిగే మనిషి మిగిలాడు. తగ్గించడానికి ఆయనలో కొవ్వు ఎప్పుడూ లేదు. నేను కరిగించింది ఊపిరి లాగే కండని.

ఈ జబ్బులో చిక్కిపోవడమే ప్రమాదమని, కొవ్వు తగ్గించమనేది ఆస్తమా ఉన్న ఊబకాయులకని డాక్టర్ చెప్పింది. డైట్ ఎవరు పెట్టారని అడిగింది. ఆంటీ నావైపు చూడలేదు.

"మేమే," అంది.

బయటికొచ్చాక నెమ్మదిగా అంది: "జావలో రోజూ రెండు స్పూన్లు నెయ్యి కలిపాను బాబూ. నువ్వు ఫీలవుతావని చెప్పలేదు."

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. పైఅంతస్తు పాఠకుడు అంతకన్నా పనికిరాడు. ఇకపై ఏ అధ్యాయమూ సగంలో మూయనని, స్వెటర్ తీయించకుండా ఎవరి బరువూ అంచనా వేయనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

కృతజ్ఞతలు: ఓపిగ్గా స్వెటర్లు విప్పిన నర్సు లిండాకి; అబద్ధం చెప్పి, నెయ్యి కలిపినందుకు కామేశ్వరి ఆంటీకి; ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, నేను కనిపించినప్పుడల్లా రెండు మాటలకోసారి ఆగుతూ "మిగతా సగం... చదివావా... బాబూ" అని అడిగే మూర్తి అంకుల్‌కి.