మబ్బుల్లో కలిపిన భుజాలు

ఆ రోజు పొద్దున నేను చేసిన తప్పు ఇది: పెళ్లి ఫ్లెక్సీలో, బతికున్న మనిషి భుజాలను మబ్బుల్లో కలిపేశాను. తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు. తెలిసే చేశాను, పని తొందరగా తెమలాలని.

సారపాకలో నాది చిన్న ఫొటో స్టూడియో. ముహూర్తాలున్నప్పుడు పెళ్లి ఫ్లెక్సీలు, ఏడాది పొడుగునా చావు ఫ్లెక్సీలు. రెండూ ఒకే కంప్యూటర్‌లో చేస్తాను. ఫొటో అంచులు కరిగించడానికి అందులో మాస్క్ ఉంటుంది. ఫొటో మీద కంటికి కనబడని తెల్ల కాగితం పరిచారనుకోండి. దాని మీద నల్ల రంగు పూసిన చోట ఫొటో మాయమవుతుంది. తెల్ల రంగు పూస్తే తిరిగొస్తుంది. బూడిద రంగు పూస్తే ఉండీ లేనట్టు పొగలా ఉంటుంది. అసలు ఫొటోకు ఏమీ కాదు, కింద అట్లాగే ఉంటుంది.

మా వైపు దీనికొక కట్టుబాటు ఉంది. పోయినవాళ్లను పైన మబ్బుల్లో పెట్టి, మెడ కింది నుంచి మెల్లగా కరిగిపోయేట్టు చేస్తాం. ఉన్నవాళ్ల చుట్టూ బంగారు రంగు అంచు గీస్తాం. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆటోలో పోతూ ఫ్లెక్సీ చూసి, ఆ ఇంట్లో ఎవరున్నారో ఎవరు పోయారో చెప్పేస్తుంది. నాకు పని నేర్పినాయన మొదట్లోనే చెప్పాడు: "ఉన్నోళ్లకు అంచు గియ్యి, పోయినోళ్లకు అంచు చెరుపు. గిది తప్పితే తన్నులు తింటవ్ బిడ్డా."

ఆ పెళ్లి అడవి అంచు పల్లెలోది, మర్నాడే ముహూర్తం. పెళ్లికూతురి అన్న ఫోన్‌లో తమ తండ్రి ఫొటో పంపి, వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. జాతరలో తీసిన ఫొటో. పక్కన ఆయన అక్క నిలబడి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. నాకు తండ్రి ఒక్కడే కావాలి. అక్కను తీసేశాను గానీ చెయ్యి మిగిలింది. ఒక్కొక్క వేలూ తీసి, ఆ చోట చొక్కా గీతలు అతికించాలంటే చాలాసేపు కూర్చోవాలి. అప్పుడే ఒక దశదిన కర్మ ఫ్లెక్సీ ముగించాను, ఆ మబ్బులు ఇంకా తెర మీదే ఉన్నాయి. పెద్ద బ్రష్ తీసుకుని నల్ల రంగు పూశాను. చెయ్యి పోయింది. దానితో పాటు భుజాలూ పోయాయి. పెళ్లికూతురు, పెళ్లికొడుకుల ఫొటోల పైన ఆయన ముఖం తేలింది. చూడ్డానికి బాగానే ఉంది. గురువు మాట గుర్తొచ్చింది కూడా. పోనీలే, పెళ్లి హడావుడిలో ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. ఆ అబ్బాయి తెర వైపు సరిగ్గా చూడకుండానే ఫైల్ తీసుకుని, భద్రాచలంలో ప్రింట్ తీయించుకుని అట్నుంచి అటే ఊరికి పోయాడు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది.

"ఏందన్నా గిది? మా నాయినను సచ్చినోళ్లల్ల కలిపినవేంది?"

"అది డిజైన్ తమ్మీ. హైదరాబాద్ల ఇప్పుడందరూ గట్లనే చేపిస్తున్నరు" అన్నాను. అబద్ధం నోట్లో రెడీగా ఉన్నట్టు వచ్చింది.

"హైదరాబాద్ ముచ్చట నాకెందుకే? మా మేనత్త మలుపు కాడ ఆటో దిగి, ఫ్లెక్సీ సూసి ఆడనే కూలవడ్డది. తమ్ముడు సచ్చిపోతే కబురు గూడ పెట్టలేదని నెత్తి కొట్టుకుంటుంది."

"మీ నాయినను పిలిచి చూపియ్యరాదు?"



"నాయిన పందిరి కొమ్మలకు పొద్దుగాల్నే అడవిలకు పోయిండన్నా. గింతసేపు పట్టది. ఫోన్ కలుస్తలేదు."

 నేను చేసిన పని చెప్పాలి: ఫోన్ కట్ చేసి, స్విచాఫ్ చేశాను. షట్టర్ సగం దించాను. తెర మీద ఆయన ముఖం అట్లాగే ఉంది, మబ్బుల మధ్య, నవ్వుతూ. ఫైల్ మూసేద్దామని మౌస్ పట్టుకున్నాను. మూస్తే ఆయనకు నిజంగా ఏమైనా అవుతుందేమోనని భయం వేసింది. మాస్క్‌కూ మనిషి ప్రాణానికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా వేలు కదల్లేదు. చివరికి తెర అట్లాగే వదిలేసి బండి తీశాను.

అది ఇప్పపూలు రాలే కాలం. తారు రోడ్డు దాటితే గాలంతా ఆ తీపి వాసనే. ఆ వాసనకు మనుషులే కాదు, ఎలుగుబంట్లూ వస్తాయి. ఆ సంగతి దారిలో గుర్తొచ్చింది. ఆ తర్వాత బండి ఎట్లా నడిపానో నాకే తెలియదు.

మలుపు దగ్గర రెండు కర్రల మధ్య ఫ్లెక్సీ. దాని కింద మట్టిలో కూర్చుని ఒకామె ఏడుస్తోంది. ఆ అడవి పల్లెల వాళ్లు ఇళ్లల్లో మాట్లాడే భాష నాకు నాలుగు మాటలకు మించి రాదు. కానీ అది పాట కట్టి ఏడ్చే ఏడుపు, శవం దగ్గర ఏడ్చేది. ఆ వైపు ఇళ్లలో చావు ఫొటోలు తీసినప్పుడు విన్నాను. నేను కర్రల తాళ్లు కోసి ఫ్లెక్సీని చుట్ట చుడుతుంటే ఆమె ఏడుపు ఆపి, తెలుగులో అడిగింది.

"నువ్వేనా ఫొటోలాయన?"

"నేనే అక్కా."

"ఆ ఫొటోల నా చెయ్యి ఉండె. ఏడ వెట్టినవ్?"

తలెత్తలేకపోయాను. "తప్పయింది అక్కా" అన్నాను.

"తప్పు సంగతి తర్వాత. ముందుగాల వాన్ని తోల్కరా."

అప్పటికే పెళ్లికూతురి అన్నతో కలిపి నలుగురు మగవాళ్లు అడవిలోకి బయల్దేరుతున్నారు. పెళ్లికి వచ్చిన డప్పులాయన కూడా డప్పు భుజాన వేసుకున్నాడు. నేనూ వెనకే నడిచాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఒకాయన మాత్రం వెనక్కి తిరిగి, "కెమెరా తెచ్చినవా? ఎలుగును గూడ మబ్బులల్ల పెడుదువు" అన్నాడు. 

వాగు దాటాక ఎడ్లబండి కనిపించింది. సగం నిండా నేరేడు కొమ్మలు. ఎడ్లు తాళ్లు తెంపుకుని పోయాయి. గొడ్డలి కింద పడి ఉంది.  పెళ్లికూతురి అన్న గొడ్డలి తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రక్తం కోసం చూస్తున్నాడని నాకర్థమైంది.  ఆ క్షణంలో నేను కోరుకున్నది ఆయన క్షేమం ఒక్కటే అని రాయాలని ఉంది. కాదు. ఆయనకేమైనా అయితే వీళ్లు నన్నేం చేస్తారో అని కూడా ఆలోచించాను.

అప్పుడు ఎందుకో తలెత్తాను. నేరేడు చెట్టులో, ఆకుల మధ్య ఒక ముఖం. మెడ కింద ఏమీ లేదు, ఆకులే. నేను పొద్దున చేసిన ముఖమే. వాళ్లకు వేలెత్తి చూపించాను.

ముఖం మెల్లగా మాట్లాడింది. "లొల్లి జెయ్యకుండ్రి. పిల్లతల్లి ఎలుగు. గా ఇప్పచెట్టెనకనే ఉంది."

డప్పులాయన డప్పు అందుకున్నాడు. మర్నాటి పెళ్లికి మోగాల్సిన దెబ్బ ఆ అడవిలో మోగింది. అందరం గొంతులు చించుకుని అరిచాం. పొదల్లో ఏదో నల్లగా కదిలింది, దాని వెనక చిన్నది ఇంకోటి. రెండూ వాగు వైపు పోయాయి.

ఆయన్ను దించితే మడమ వాచి ఉంది. భుజాలు గీరుకుపోయాయి. ఒక పక్క నేను పట్టుకున్నాను. దారిలో ఎవరూ చెప్పకముందే నేనే చెప్పాను, చేసిందంతా. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"మా అక్క సూసిందా?"

"చూసిందన్నా."

"అయ్యో" అన్నాడు. తన కోసం కాదు, ఆమె కోసం.  మలుపులో అక్క ఎదురొచ్చి, ముందు చెంప మీద ఒకటి కొట్టి, తర్వాత భుజం తడిమింది.

చుట్టిన ఫ్లెక్సీని ఏం చేయమంటావని ఆమెనే అడిగాను. పాత ఫ్లెక్సీలు మా దగ్గర గడ్డివాముల మీద కప్పుకుంటారు. దీన్ని ఎవరు కప్పుకుంటారు?

"కాలవెట్టకు, పాతిపెట్టకు. గవి సచ్చినోళ్లకు జేసేటివి. నువ్వు జేసినవ్, నీ కాడనే ఉంచుకో."

అది ఇప్పటికీ స్టూడియో అటక మీదే ఉంది.

ఆ సాయంత్రం మళ్లీ ఫైల్ ముందు కూర్చున్నాను. మబ్బులు తీసేశాను. మాస్క్ మీద తెల్ల రంగు పూస్తూ పోతే ముందు భుజాలొచ్చాయి, తర్వాత చొక్కా గీతలు, తర్వాత ఆ చెయ్యి. ఈసారి ఏదీ చెరపలేదు. అక్కను కూడా తెచ్చి పక్కన నిలబెట్టాను. ఇద్దరి చుట్టూ కలిపి బంగారు అంచు గీశాను. గోదావరి వంతెన దాటి భద్రాచలం పోయి, ప్రింట్ అయ్యేదాకా మిషన్ పక్కనే నిలబడ్డాను.

పొద్దున్నే పోయి ఆ రెండు కర్రలకే నా చేత్తో కట్టాను. అక్క వచ్చి దగ్గరగా నిలబడి, ఫొటోలో తన చేతి వేళ్లను ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. పక్కనే పందిట్లో మంచం మీద కూర్చున్న తమ్ముడు అక్కడి నుంచే అరిచాడు: "అన్నీ ఉన్నయానే? లేకుంటే మల్ల చెట్టెక్కాల్సొస్తది."

ఆమె వెనక్కి తిరగకుండానే తాడు ఒక మూల వదులుగా ఉందని నాకు చూపించింది. మళ్లీ నిచ్చెనెక్కి గట్టిగా బిగించాను.