వెనక్కి తీసుకున్న నివేదిక

మొన్న ఉదయం మా ఫోరెన్సిక్ ప్రయోగశాల వరండాలో అడుగు పెట్టగానే తడిసిన బూడిద వాసన వచ్చింది. నీళ్ళు కొట్టి ఆర్పిన మంట వాసన అది. పొయ్యిలో బూడిద అలా ఉండదు. ఒక కానిస్టేబుల్ కాలిన నమూనాలున్న, మూత బిగించిన డబ్బాలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. డబ్బాల నుంచి వాసన రాదు, రాకూడదు. అతని బట్టల నుంచి వస్తోంది. ఇన్నేళ్ళుగా ఈ వాసనలోనే పని చేస్తున్నా, అది ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు వసుంధర మేడమ్ గుర్తుకొస్తారు.

మా అగ్నిప్రమాదాల విభాగానికి అధిపతిగా వచ్చేనాటికి మేడమ్‌కు యాభై దాటాయి. పురానాపూల్ దగ్గర తరతరాలుగా నూనెల వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది. "మా బాపు డబ్బా మూత తీసి వాసన చూసి, పల్లినూనెల ఏం కలిపిన్రో చెప్పేటోడు. గది ఎట్ల తెలుస్తదో చూద్దామనే కెమిస్ట్రీ చదివిన" అని నవ్వేవారు. మమ్మల్ని మాత్రం ఏ సీసా దగ్గరా ముక్కు పెట్టనిచ్చేవారు కాదు. "కోర్టుల నీ ముక్కును బోనెక్కిస్తరా? మిషన్ ఏం చూపిస్తే గదే రాయి" అనేవారు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడవాళ్ళను ప్రమాద స్థలాలకు పంపేవారు కాదట. మగవాళ్ళు నమూనాలు తెస్తే వీళ్ళు బల్ల దగ్గర కూర్చుని పరీక్షించాలి. అడిగి అడిగి విసిగిపోయి, ఒకరోజు ఎవరూ పిలవకుండానే వెళ్ళి జీపులో ముందు సీట్లో కూర్చున్నారట. "దిగుమంటే దిగుదామనుకున్న. ఎవ్వరూ దిగుమనలే" అని ఆ సంగతి చెప్పేవారు.

నేను యాకుత్‌పురాలో పుట్టి పెరిగాను. మా నాన్న కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనివాడు. మా చర్చి వీధిలో తెల్లకోటు వేసుకునే ఉద్యోగం మొదట నాకే వచ్చింది. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. మేడమ్ రాకముందు కొన్నాళ్ళు అధిపతి కుర్చీ ఖాళీగా ఉంది. మా నివేదికలను మళ్ళీ చదివేవారు లేరు. ఆ రోజుల్లోనే ఒక జర్దోజీ కార్ఖానా కాలిన కేసు నా బల్ల మీదికి వచ్చింది. పట్టుబట్టల మీద బంగారు తీగతో కుట్టుపని చేసే చోటు అది. యజమానితో గొడవపడి పని మానేసిన ఖాజా అనే పనివాడి మీద పోలీసులకు అనుమానం. వాళ్ళు పంపిన ఐదు కాలిన గుడ్డముక్కల్లోనూ నాకు కిరోసిన్ కనబడింది. "కిరోసిన్ చల్లి నిప్పు పెట్టినట్లు తెలుస్తోంది" అని రాసి సంతకం చేశాను. ఆ కాగితంతో ఖాజా జైలుకు వెళ్ళాడు.

మేడమ్ వచ్చిన మొదటి నెలలోనే, కోర్టులో విచారణకు రాబోతున్న పాత ఫైళ్ళన్నీ తెప్పించుకుని చదివారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు. ముందు నా నివేదిక ఉంది.

"సుజాతా, కిరోసిన్ ఉన్నది. సరే. చల్లిన్రని నీకు ఎవరు చెప్పిన్రు?"

"ఐదు ముక్కల్లోనూ ఉంది మేడమ్."

"కాలని గుడ్డ ఏది? గా కార్ఖానాలదే, మంట అంటని గుడ్డ తెప్పించి చూసినవా?"

పోల్చడానికి కాలని నమూనా కావాలన్నది మాకు నేర్పే మొదటి పాఠం. పోలీసులు పంపలేదు, నేనూ అడగలేదు.

"నీది యాకుత్‌పురానే గదా బిడ్డా," అన్నారు ఆమె, గొంతు పెంచకుండానే. "కార్ఖానల ఏం పని చేస్తరో నీకు తెల్వదా?"

మర్నాడు ఇన్‌స్పెక్టర్‌ను వెంటబెట్టుకుని ఇద్దరం అక్కడికి వెళ్ళాం. ముందుగది నల్లగా మాడిపోయి ఉంది. మంట వెనకగదిలోకి వెళ్ళలేదు. అక్కడ ఒక ముసలి ఉస్తాద్, అంటే పనివాళ్ళకు పెద్ద, చెక్కచట్రానికి గుడ్డ బిగించి కూర్చున్నాడు. మేడమ్ ఆయన పక్కనే నేల మీద కూర్చుని, గుడ్డ మీదికి డిజైన్ ఎలా ఎక్కిస్తారని అడిగారు. ఆయన సూదితో సన్నని చిల్లులు పొడిచిన కాగితం తీసి గుడ్డ మీద పరిచాడు. ఒక గిన్నెలో నీలిపొడి పోసి, సీసాలోంచి ఏదో కలిపి, పేలికతో కాగితం మీద రుద్దాడు. కాగితం ఎత్తగానే గుడ్డ మీద పువ్వులు, తీగలు నీలంగా తేలాయి.

"సీసాల ఏముంది బాబా?" అని అడిగారు మేడమ్.

"ఇంకేముంటది బేటీ, గ్యాస్‌నూనె! గది లేకుంటె ఖాకా ఎట్ల దిగుతది? మాకు దినాం గిదే పని."

గ్యాస్‌నూనె అంటే మా వైపు కిరోసినే. చిన్నప్పుడు మా పక్కింట్లో ఇదే పని చేస్తుంటే పక్కన కూర్చుని వేళ్ళు నీలం చేసుకున్నదాన్ని. ప్రయోగశాల గుమ్మం దాటగానే నా గల్లీని బయటే వదిలేశానన్నమాట.

"ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మమ్మల్ని ఎవరు అడిగిన్రు?" అన్నాడు ఉస్తాద్.

వెనకగదిలో తాళం వేసిన రేకుపెట్టె ఉంది. మంటకు ముందే ఖాకా, అంటే ఆ నీలి డిజైన్, వేసి మడతపెట్టిన గుడ్డలు అందులో ఉన్నాయి. పంచనామా రాయించి కొన్నిటిని సీలు వేయించి తెచ్చాం. ఈసారి పరీక్ష చేస్తున్నంతసేపూ మేడమ్ నా వెనక నిలబడ్డారు. మంట ముఖమే చూడని ఆ గుడ్డల్లోనూ అదే కిరోసిన్ ఉంది.

నివేదికను వెనక్కి తీసుకోవాలంటే పైఅధికారి ఒప్పుకోవాలి. ఆయనకు అది అస్సలు నచ్చలేదు. "ఒకసారి పోయిన రిపోర్టు పోయినట్టే. ఇప్పుడు లొల్లి చేస్తే మన పరువేం కావాలి?" అన్నారు. మేడమ్ మెల్లగా, "కాగితం బీరువల ఉంటే నాకేం ఫికర్ లేదు సార్. మనిషి జైల్ల ఉన్నడు" అన్నారు. చివరికి ఆయన సరేనన్నారు. ఆయన ముందే కొత్త నివేదిక మీద నా సంతకం కింద తన సంతకం చేశారు. ఆ తప్పు జరిగినప్పుడు ఆమె ఆ కుర్చీలో లేరు. ఆ మాట మాత్రం ఎక్కడా అనలేదు.

సాక్ష్యం చెప్పాల్సిన రోజు ఉదయం నాన్నకు విషయం చెప్పాను. "మా కొలిమిల సరుకు తేడా వస్తే మళ్ల కరగబెడ్తం బిడ్డా. తేడా వచ్చుడు కాదు, దాచిపెట్టి పంపుడు తప్పు. పో, ధైర్నంగ చెప్పు" అన్నాడు.

కోర్టులో మేడమ్ చివరి బెంచీ మీద కూర్చున్నారు. ప్రభుత్వ న్యాయవాది కోపం దాచుకోకుండా అడిగాడు: "అంటే మీ మొదటి నివేదిక తప్పా?"

"ముందుగాల అవునను. కారణం తర్వాత చెప్పు" అని దారిలో మేడమ్ చెప్పిన మాట మనసులో ఉంది.

"అవునండీ, తప్పే," అన్నాను. "కిరోసిన్ ఉందన్నది నిజం. చల్లారన్నది నా ఊహ. ఊహను నివేదికలో రాశాను."

అంత బరువు దిగిన క్షణం నా జీవితంలో మరొకటి లేదు.

కొన్ని వారాలకు ఖాజా నిర్దోషిగా బయటికొచ్చాడు. ఆ రోజు మేడమ్‌తో నేనూ వెళ్ళాను. కోర్టు మెట్ల మీద అతని ముందు నిలబడి క్షమాపణ అడిగాను. "సాత్ మహీనే గయే," అన్నాడు. ఏడు నెలలు పోయాయి. ఆ తరువాత తల ఊపుతూ, "పర్ ఆప్ ఆయే తో సహీ" అన్నాడు. కనీసం మీరు వచ్చారు కదా, అని. అప్పుడు అతని కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని నడుము చుట్టేసుకుంది. అతను ఆమెను ఎత్తుకుని, నవ్వుతూ, ఏడుస్తూ మెట్లు దిగిపోయాడు. మేడమ్ చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

నన్ను మారుమూలకు బదిలీ చేస్తారనే అనుకున్నాను. బదులుగా, తరువాతి సమావేశంలో మేడమ్ నన్ను నిలబెట్టి మొత్తం కథ నా నోటితోనే అందరికీ చెప్పించారు. పోల్చే నమూనా లేకుండా ఏ నివేదికా బయటికి పోకూడదన్న నియమాన్ని నా చేతే రాయించారు. ఏళ్ళు గడిచాయి. ఆమె ప్రయోగశాల మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. ఆ కుర్చీలో అంతకుముందు ఏ మహిళా కూర్చోలేదు. బాధ్యతలు తీసుకున్న రోజు మేమంతా వరండాలో చేరి చప్పట్లు కొడుతుంటే, "ఆపున్రి, పని ఉన్నది" అన్నారు గానీ ముఖం వెలిగిపోతోంది. మా విభాగానికి అధిపతిగా నా పేరు రాసినప్పుడు ఒక సీనియర్ అభ్యంతరం చెప్పాడట: "రిపోర్టు వెనక్కి తీసుకున్న ఆమెనా?"

"అందుకే" అన్నారట మేడమ్. "తప్పయిందని కోర్టుల ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. మిగిలినోళ్ళు తప్పే చెయ్యలేదా, చేసి చెప్పలేదా, నాకు తెల్వది."

ఇప్పుడు మేడమ్ లేరు. పదవీ విరమణ చేసి, చాలా కాలం సుఖంగా బతికి వెళ్ళిపోయారు.

పోయిన వారం ఫర్హీన్ నా గదిలోకి వచ్చింది. మా విభాగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతిలోని ఫైలు నా ముందు తెరిచింది.

"మేడమ్, మొన్న పంపిన రిపోర్టుల నేను ఒక మాట ఎక్కువ రాసిన. ఎవరూ చూడలే. పొద్దున మళ్ల చదువుతుంటే నాకే తెలిసింది. కోర్టుకు లెటర్ రాద్దామా?"

రాశాం. ఆమె సంతకం చేసింది, కింద నేను చేశాను. ఫైలు మూసి, భోజనానికి వస్తారా అని అడిగి వెళ్ళింది. వసుంధర మేడమ్‌ను ఆ అమ్మాయి ఎన్నడూ చూడలేదు. అయినా తన తప్పు చెబుతున్నంతసేపూ ఆమె గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.