జానీబీ కూతురి ముఖం

మా వీధిలో దూదేకుల జానీబీ పరుపులు కుట్టేది. ప్రొద్దుటూరులో ఎవరింట పెండ్లి కుదిరినా ముందు ఆమెకు తెలిసేది, ఆమె తర్వాత నాకు. ఒక్కగానొక్క కూతురు మున్నీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది, జమ్మలమడుగులో మేనత్త ఇంటి పెండ్లికని ఆ పిల్ల అరువు తెచ్చిన బంగారు గుండ్ల దండ వేసుకొని బండెక్కింది. తెలిసినవాని బండే కదా అని తల్లి ఒంటరిగా పంపింది. ఆ దండ కోసం బండివాడే పెన్న ఇసుకలో పిల్ల గొంతు నులిమేశాడు. దొరికాడు, జైలుకు పోయాడు, పేపర్లో కూడా పడింది.

ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తరుగుతుందని ఆ ఇంట్లో ఎవరూ ఫోటో దిగలేదు. పిల్లది ఒక్కటి కూడా లేదు.

కొన్నేండ్లకు మద్రాసువాళ్లు ఆ హత్యనే సినిమా తీశారు. మా ఊరి డేరా హాలుకు వచ్చింది. బండి మీద మైకు పెట్టి, "పెన్న ఒడ్డున జరిగిన నిజం కథ" అని అరుస్తాంటే జానీబీ సూది పడేసి మా ఇంటికి ఉరికొచ్చింది.

"అక్కా, మా మున్నీని చూపిస్తారంట! పోదాం రా."

"ఎవరో వేషం కట్టుంటాది జానీ. మున్నీ యాడినుంచి వస్తాది?"

"నిజం కథ అంటాండారు కదా! ఊర్లో అందరిండ్లలోకీ తొంగిచూస్తావు, నా బిడ్డను నన్ను చూడనియ్యవా?"

పోయినాం. ఆడవాళ్ల వైపు నేల మీద కూచున్నాం. తెర మీది పిల్ల పాటలు పాడింది, బండివాణ్ణి ప్రేమించింది. ఆఖర్న ఆమెను చంపి వాడు ఏడిస్తే మా వీధి ఆడోళ్లంతా వానికోసం ముక్కులు చీదారు. జానీబీ మాత్రం రెప్ప వేయలేదు.

"ఈమె కాదు," అని లేచింది.

అంతటితో పోయుంటే బాగుండు. కొన్నాళ్లకు వచ్చి మా గడపలో కూలబడింది.

"అక్కా, కండ్లు మూస్తే ఆ సినిమా ఆమే వస్తాంది. నా బిడ్డ రాదు. మున్నీ ఎట్లుండేదో చెప్పు."

నా చేతుల మీద పెరిగిన పిల్ల. చెప్పబోతే తెర మీది ముఖమే అడ్డం వచ్చింది. పొడుగు జడ, బుగ్గన సొట్ట. అవి మున్నీవి కావు. వీధిలో ఎవరినడిగినా అవే చెప్పినారు.

"దాని కండ్లు అచ్చం నీ కండ్లే జానీ," అన్నాను. అదొక్కటే నాకు గట్టిగా మిగిలింది.

మరుసటి పొద్దు వాళ్ల తలుపు వారగా తెరిచుంటే చూడకుండా పోలేకపోయినాను. నుదురూ ముక్కూ నోరూ కొంగుతో కప్పుకొని, కండ్లు మాత్రం వదిలి, జానీబీ అద్దం ముందర కూచోనుంది.

"మున్నీ, అన్నం తిన్యావా?" అని అడుగుతాంది. అడిగి, జవాబు కోసం ఆగుతాంది.