సెల్లారులో మోగిన బేస్ గిటారు

అమీర్‌పేటలో మా మేడ మీది గదుల్లో అద్దెకుండేవాళ్లందరూ కంప్యూటర్ కోర్సుల మనుషులే. నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, ఈ కోర్సుకు ఇక ఉద్యోగాలు లేవట అని విని సగంలో ఇంకో కోర్సుకు మారేవాళ్లు. వాళ్లలో ఒకతను మాత్రం పగలు ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగ్ పాఠం చెప్పి, సాయంత్రాలు అరువు తెచ్చుకున్న బేస్ గిటారు వాయించేవాడు. మామూలు గిటారుకు ఆరు తీగలైతే దానికి నాలుగే. లావుగా ఉంటాయి, అడుగు స్వరాలు పలుకుతాయి. పాటలో అది ఉన్నట్టు ఎవరికీ తెలియదనీ, తీసేస్తే మాత్రం పాట కూలబడుతుందనీ చెప్పేవాడు.

"ఇంగువలాగన్నమాట" అంది మా ఆవిడ.

వినాయక చవితి పందిళ్లు వేస్తున్న రోజుల్లో ఒక ఉదయం అతను మెట్లు దిగి వచ్చాడు.

"సార్, జర నాతోని పంజాగుట్ట దాక రావాలె."

విషయం ఇది. పంజాగుట్టలో ఒక హోటల్ బ్యాండులో బేస్ వాయించే ఆయన దుబాయి వెళ్లిపోయాడు. సొంత వాయిద్యం తెచ్చుకుంటే శనివారం నుంచి ఆ చోటు ఇతనిది, లేకపోతే ఇంకొకరిది. పంజాగుట్టలోనే ఒక రిటైరైన పళ్ల డాక్టరు దగ్గర అరుదైన బేస్ ఉంది. ఎక్కడో విదేశంలో ఒక చిన్న కార్ఖానావాళ్లు కొద్ది వాయిద్యాలు చేసి మూసేశారట, వాటిలో ఒకటి. దాన్ని డ్రాయింగ్ రూము గోడకు తగిలించుకోవాలని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్దమనిషి ఆ సాయంత్రమే వస్తున్నాడు. వాయించేవాడైతే ఇవ్వగలిగినంతకే ఇస్తాననీ, ఆలోపల వచ్చి చూసుకోమనీ డాక్టరు ఇతనికి అవకాశం ఇచ్చాడు.

"ఒక్కనివే వస్తే తలుపు తియ్యనన్నడు సార్. పెద్దమనిషిని తోల్కరమ్మన్నడు."

"నాకు సంగీతం రాదయ్యా."

"సంగీతం నేన్ చూస్కుంట. మీరు చెక్క చూడుండ్రి. మీ నౌకరీ మొత్తం గదే పని గద."

నిజమే. ప్రభుత్వ కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన కలపనూ పోత సామాన్లనూ పరీక్షించి, పనికొస్తుందనో రాదనో రాయడమే నా ఉద్యోగం.

"ఈయన్నా తీసుకెళ్తున్నావు?" అంది మా ఆవిడ. "మా పుట్టింటివాళ్లు పెట్టిన పందిరిమంచాన్ని కాళ్లు సమంగా లేవని వెనక్కి పంపిన మనిషి బాబూ!"

సమంగా లేవు మరి. ఆ సంగతి ఆనాటి డైరీలో కూడా రాశాను.

రసమట్టం, భూతద్దం, పురికొస సంచిలో వేసుకుని బయలుదేరాను. డాక్టరుగారి ఫ్లాటులో మిక్స్చరు, కాఫీ సిద్ధంగా ఉన్నాయి. దివాన్ మీద, జరీ కండువా కప్పుకుని, బేస్ పడుకుని ఉంది. ఆయన కండువా తీయలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. అబ్బాయి ఏం చేస్తాడు? అలవాట్లున్నాయా? గదిలో చెమ్మ వస్తుందా? పడమటి ఎండ పడుతుందా?

"పడమట కిటికీ లేదండీ" అన్నాను, ఇంటి యజమానిగా.

"కోపం వస్తే వస్తువులు విసిరే రకమా?"

"లేదండీ. అద్దె కూడా మెల్లగానే ఇస్తాడు."

డాక్టరుగారు తృప్తిగా తలూపి కండువా తీశాడు. ముదురు తేనె రంగు. మెడ వేరుగా చేసి బిగించింది కాదు. మెడా, నడుమూ ఒకే చెక్క, రెండు పక్కలా రెక్కలు అతికించారు. అతుకులు భూతద్దంలో కూడా సన్నటి గీతలే. మెడ పొడవునా పురికొస బిగించి లాగి చూశాను. తీగలు లాగుతుంటాయి కాబట్టి రవ్వంత వంపు ఉండాల్సిందే, అంతే ఉంది. రసమట్టం పెట్టాను. బుడగ పక్కకు పోయింది. దివాన్‌ను పరీక్షిస్తే లోపం దివాన్‌దని తేలింది. ఆ మాట చెప్పినందుకు డాక్టరుగారు కొంచెం నొచ్చుకున్నాడు.

ఇక ధ్వని. కరెంటు బేస్ ఆంప్లిఫయర్ లేకపోతే మూగదే. తన ఆంప్లిఫయర్ పాడైతే డాక్టరుగారు ఎప్పుడో పారేశాడట.

"ఏం ఫరవాలేదు, పళ్లతో వినండి" అన్నాడు. "మెడ పక్కన పొడుచుకొచ్చిన ఈ కొమ్ము మీద రుమాలు వేసి కొరికి పట్టుకోండి. ఎముక గుండా నేరుగా చెవికి చేరుతుంది."

మా అద్దెదారు వంగి కొరికాడు. డాక్టరుగారు తీగ మీటాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి.

"సార్, మస్తుంది! మీరు సుత కొరకుండ్రి!"

కొరికాను. గిలక్కాయలాంటి చప్పుడు వినిపించింది. బేస్‌కు లోపమేదో దొరికిందన్న ఉత్సాహంతో ఆ మాట చెప్పాను. డాక్టరుగారు నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు.

"ఈ పై పళ్ల సెట్టు ఎవరు కట్టారండీ? వదులుగా ఉంది. వాయిద్యాన్ని అంటారేంటి?"

ఆ విధంగా ఆ రోజు మొదటి తిరస్కారం నా పళ్లకే జరిగింది.

కట్టుడు పళ్లతో విన్నదాని మీద నేను నిర్ణయం చెప్పలేనన్నాను. డాక్టరుగారికి సెల్లారు గుర్తొచ్చింది. అక్కడ వినాయకుడి పందిరి కోసం మైకుసెట్టు దించి పెట్టారు, నిలువెత్తు స్పీకర్లు రెండు. కిందికి దిగి వైరు కలిపాం. అతను ఏదో పాట వాయించబోతే ఆపాను.

"పాట వద్దు. ఒక్కొక్క స్వరం, వరసగా. అది పూర్తిగా చచ్చేదాకా ఇంకోటి మీటకు."

నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. లావు తీగ మొదటి స్వరానికి స్తంభాలు గుర్రుమన్నాయి. తర్వాతది, ఆ తర్వాతది. నాలుగోది, సన్న తీగ, సగం దాటేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. అపార్టుమెంటు సెక్రటరీ, వెనకాల జనం.

"ఎవర్రా బోరేస్తున్నది? పోయిన ఎండాకాలం పక్కోడు ఏసి మా నీళ్లు గుంజుకున్నది సాలలేదా?"

"బోరు కాదన్నా, గిటార్" అన్నాడు మావాడు.

"గీ నాలుగు తీగలకా గంత సౌండ్? బండి యాడ దాచిన్రో చెప్పుండ్రి!"

ఇద్దరు వెళ్లి గోడ వెనక బోరు లారీ కోసం వెతికారు. మూడో అంతస్తు ఆవిడ తన గిన్నెల స్టాండు నడుస్తోందండీ అంది. ఒక పెద్దాయన గ్లాసుతో నీళ్లు తెచ్చి స్పీకరు మీద పెట్టి, మళ్లీ వాయించమన్నాడు. నీళ్లలో వలయాలు లేచాయి.

"నీళ్లయితే కదులుతున్నయ్" అన్నాడు గంభీరంగా. అందరూ నా వైపు అనుమానంగా చూశారు. చేతిలో రసమట్టం ఉంది, మెడలో పురికొస ఉంది. బోరు పాయింటు చూసేవాడిననే అనుకున్నారు.

"డాక్టర్ సాబ్, గిది పొద్దుగూకే లోపట బిల్డింగ్ దాటాలె" అని సెక్రటరీ తీర్పు చెప్పాడు.

డాక్టరుగారు ఎర్రబడ్డాడు. "వెళ్లగొడితే పోవడానికి ఇదేం అద్దెకున్న మనిషా? ఎవరికీ ఇవ్వను. గోడకు తగిలించేవాడికీ ఇవ్వను, ఇతనికీ ఇవ్వను."

మావాడి మొహం పాలిపోయింది. శనివారం అతని చేతుల్లోంచి జారిపోవడం నాకు కనిపించింది. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని మెత్తబరచాలి. నాకు తెలిసిందల్లా తనిఖీ ఫలితం చెప్పడమే. అదే చెప్పాను.

"చెక్క నిక్షేపం. మెడ నిక్షేపం. సన్న తీగ మీద, మెడ సగం దగ్గర, ఒక్క స్వరం మాత్రం తోటివాటికన్నా ముందే చచ్చిపోతోంది."

డాక్టరుగారు నన్ను వదిలి మావాడి వైపు తిరిగాడు.

"ఆ స్వరం వచ్చే పాట వాయించు."

వాయించాడు. ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని సాగదీయకుండా, చిటికెలా తుంచి వదిలేశాడు. చావాల్సిన స్వరాన్ని తనే ముందుగా ఆపేస్తున్నాడు. మూడోసారికి సెక్రటరీ కాలు ఆడించడం మొదలుపెట్టాడు. గ్లాసు పెద్దాయన నీళ్లు తాగేశాడు.

"నేనూ అక్కడ అంతే చేసేవాణ్ణి" అన్నాడు డాక్టరుగారు. కండువా తెచ్చి బేస్‌కు చుట్టి మావాడి చేతుల్లో పెట్టాడు. నాతో మాత్రం, "మీరు పళ్ల కోసం మళ్లీ రండి" అన్నాడు.

షేర్ ఆటోలో దాన్ని మా ఇద్దరి ఒళ్లలో అడ్డంగా పెట్టుకుని వచ్చాం. సాయంత్రం హోటల్ బ్యాండువాళ్ల పెద్ద ఆంప్లిఫయర్ తెచ్చి మేడ మీద సాధన మొదలుపెట్టాడు. కాసేపటికి పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

"బోరు వేయిస్తున్నారా వదినగారూ? నీళ్లెంత లోతులో పడ్డాయి?"

మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

"ఇంకా పడలేదండీ. శనివారం దాకా తవ్వుతాడట."